పరుగుకు గణవిభజన చేసినవాణ్ణి

కార్తీకమాసంలో ఒక్కసారైనా వేదాద్రికి పోయి కృష్ణలో మునిగి రావడం మా ఇంటి ఆనవాయితీ. జగ్గయ్యపేటలో బయలుదేరి, చిల్లకల్లు దగ్గర జాతీయ రహదారిని విడిచి, పత్తిచేల నడుమగా సాగిపోతే కొండ, కొండపాదాన యోగానంద లక్ష్మీనరసింహస్వామి గుడి, గుడి ముందు నది. ఒకప్పుడు కృష్ణా జిల్లా అని రాసుకునేవాళ్ళం, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అని రాసుకుంటున్నాం. చిరునామా మారింది గాని నీళ్ళ చల్లదనం మారలేదు.

మొన్నటి కార్తీకంలో స్నానం ముగించి, రేవు మెట్లమీద కూర్చుని తుండుగుడ్డ పిండుకుంటూ ఉండగా, "మాస్టారూ, గుర్తుపట్టారా?" అని ఒక గొంతు వినిపించింది. తలెత్తి చూస్తే నలభై దాటిన ఇల్లాలు, పక్కన పదకొండేళ్ళ పిల్ల. ముఖం చూసి పోల్చుకోలేకపోయాను. ఆమె రెండు మెట్లు దిగి దగ్గరికి వచ్చింది. ఆ నడక చూశాక గుర్తుకొచ్చింది. మడమ నేలను తాకిందో లేదో అన్నట్టుండే ఆ నడక నా ఉద్యోగకాలం మొత్తంలో ఒక్క విద్యార్థినిదే.

"తాతగారికి దణ్ణం పెట్టవే" అని కూతురికి చెప్పి, క్షేమసమాచారాలు అయిన తరువాత అసలు మాట కదిపింది.

"దీనికి పరుగంటే పిచ్చి మాస్టారూ. బళ్ళో అందరికంటే ముందుంటోంది. విజయవాడలో ఎక్కడైనా శిక్షణలో చేర్పించమని మా అన్నయ్య పోరుతున్నాడు. మీరేమంటారు?"

ఇంకెవరు అడిగినా ఏదో ఒక జవాబు ఇట్టే చెప్పి ఉండేవాణ్ణి. అడిగింది ఆమె కావడంతో నోట మాట రాలేదు. ఆ కారణం చెప్పడానికే ఈ టపా.

నేను చదివినది భాషాప్రవీణ, ఆపైన తెలుగు పండిత శిక్షణ. 1995 ప్రాంతాల్లో మా మెట్టసీమలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఊరి పేరూ, బడి పేరూ ఇక్కడ అప్రస్తుతం. డ్రిల్లు మాస్టారి పోస్టు ఖాళీగా ఉండేది. "మీరు వయసులో ఉన్నారు, ఆటల సంగతి కూడా కాస్త చూడండి" అని ప్రధానోపాధ్యాయులు ఈల నా చేతికిచ్చారు. నాకు తెలిసిన ఆట చెడుగుడు ఒక్కటే, అదీ చిన్నప్పుడు ఆడినది.

ఆ పిల్ల అప్పుడు ఏడో తరగతి. తల్లిదండ్రులు మిరపకోతలకు పోయే కూలీలు. పొద్దున్నే ఇంటికి నీళ్ళు మోసి, రెండు కిలోమీటర్ల దూరం చేలగట్ల వెంట పరుగెత్తి, గంట కొట్టేవేళకు బడిలో ఉండేది. సాయంకాలం ఆటల వేళ ఖోఖో, చెడుగుడు, తొక్కుడుబిళ్ళ, ఏది కనబడితే అది. ఆ ఏడాది నేను ఆమెకు నేర్పినది ఏమీ లేదు. ఈల వేశాను, ఆమె పరుగెత్తింది, అంతే. మరుసటి ఏడు గ్రిగ్ పోటీల్లో జోనల్ స్థాయిలో 800 మీటర్ల పరుగులో మొదటి స్థానం వచ్చింది. పత్రిక జిల్లా పేజీలో రెండు పంక్తుల వార్త వేశారు. అందులో నా పేరు పక్కన "శిక్షకుడు" అని ఉంది.

ఆ ఒక్క మాట నన్ను పాడుచేసింది. విజయవాడ వెళ్ళి సొంత డబ్బుతో ఒక స్టాప్‌వాచీ కొన్నాను. ఒక నోటుపుస్తకానికి అట్ట వేసి, గళ్ళు గీశాను. ప్రతి ఉదయం 800 మీటర్లు, మళ్ళీ 800, మళ్ళీ 800. నిన్నటికంటే నేడు ఒక్క సెకనైనా తగ్గాలన్నది నా నియమం. కాలు బెణుకుతుందని ఖోఖో మాన్పించాను. తోటిపిల్లలు వెనకబడతారని ఒంటరిగా పరుగెత్తించాను. మా ఆటస్థలం ఎండకు ఎండి గట్టిపడి రోకలికైనా లొంగని నేల. ఆ ఏడాదే ఆ పిల్ల ఉన్నట్టుండి పొడుగైంది. అంకెలు తగ్గడం మానేసి పెరగడం మొదలుపెట్టాయి. దాన్ని బద్ధకం అనుకున్నాను. మందలించాను. మోకాలి కింద గుడ్డ కట్టుకుని వస్తే, "కాలికేమైందమ్మా?" అని అడిగాను. "ఏం లేదు మాస్టారూ" అంది. ఆ జవాబు నాకు అనుకూలంగా ఉంది గనక నమ్మాను.

1996లో జిల్లా పోటీల్లో రెండో చుట్టు మధ్యలో ఆగి కూర్చుండిపోయింది. కాలి ఎముకలో వెంట్రుకవాసి చీలిక ఉందని ఎముకల డాక్టరు చెప్పారు. ఒక్కసారిగా తగిలిన దెబ్బ కాదు, రోజురోజుకీ చేరిన భారం అన్నారు. ఎముక కొన్ని నెలల్లో అతుక్కుంది. ఆ పిల్ల మాత్రం మళ్ళీ ఆటస్థలానికి రాలేదు.

ఏకలవ్యుడి బొటనవేలు పుచ్చుకున్న ద్రోణుణ్ణి తరగతిగదిలో ఎన్నిసార్లు నిలదీశానో లెక్కలేదు. ఆయన అడిగి పుచ్చుకున్నాడు. నేను అడగకుండానే ఒక పిల్ల కాలు పుచ్చుకున్నాను.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించే సంగతి వేరే ఉంది. నాకు ఆటల శాస్త్రం తెలియకపోవడం పెద్ద నేరం కాదు. కాని నేర్పడం ఎలాగో నాకు తెలుసు. తెలిసి కూడా ఆ తెలివిని తరగతిగదిలోనే వదిలి ఆటస్థలానికి వెళ్ళేవాణ్ణి.

తొమ్మిదో తరగతికి పద్యం చెప్పేటప్పుడు నేను ఏనాడూ గణవిభజనతో మొదలుపెట్టలేదు. మొదట పది రోజులు చదివి వినిపించడమే. పిల్లలు నా వెంట అనేవారు. అర్థం కాకపోయినా నడక చెవికెక్కేది. కొన్నాళ్ళకు ఎవడో ఒకడు, "నాలుగు పాదాలూ ఒక్కలాగే ఊగుతున్నాయేం మాస్టారూ?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న పుట్టిన రోజున గురులఘువులు చెప్పాలి. గణాలు, యతి, ప్రాస అప్పుడు వాడికి బరువు కావు, తన సందేహానికి సమాధానాలు. ఆపైన ఏ ఒకరిద్దరో సొంతంగా రాస్తారు. వాళ్ళను ఇక మనం తప్పుకుని రాయనివ్వాలి. ముందే గణాలు నేర్చిన పిల్లవాడు అక్షరాల నెత్తిన గుర్తులు చక్కగానే పెడతాడు, పద్యం చదవమంటే మాత్రం తడబడతాడు. పద్యం దగ్గర ఇంత తెలిసినవాణ్ణి, పరుగు దగ్గరకు వచ్చేసరికి చెవికెక్కిన నడకను ఆపి మరీ గణవిభజన చేశాను.

ఉద్యోగవిరమణ తరువాత తీరిక దొరికాక, ఈ విషయం మీద లోకంలో ఎవరేమన్నారో చదవసాగాను. బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యావేత్త నేతృత్వంలో జరిగిన ఒక పరిశీలన 1985లో పుస్తకంగా వచ్చింది. ఒలింపిక్ ఈతగాళ్ళు, టెన్నిసు క్రీడాకారులు, పియానో విద్వాంసులు, గణితజ్ఞులు మొదలైన దాదాపు 120 మంది బాల్యాన్ని తిరగదోడారు. వారిలో పలువురి తొలి గురువులు ఆ విద్యలో ఉద్దండులు కారు. పిల్లలంటే ఇష్టమున్నవారు, పాఠాన్ని ఆటగా మలిచినవారు. కొన్నేళ్ళకు ఆ పిల్లలు మెలకువలు నేర్పే కఠినమైన గురువు దగ్గరికి చేరారు. ఆ తరువాత మూడో మెట్టున అగ్రశ్రేణి ఆచార్యుల దగ్గరికి. ఇష్టం ముందు, నియమం తరువాత, స్వంతం కావడం చివర. నా పద్యపాఠమే మరో దేశంలో మరో పేరుతో కనబడినట్టయింది.

పదివేల గంటల అభ్యాసం ఉంటే ఎవరైనా నిపుణులవుతారని ఒక మాట కొన్నేళ్ళుగా చెలామణిలో ఉంది. దానికి మూలం ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లోని సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థుల మీద చేసి, 1993లో ప్రకటించిన పరిశోధన. గంటల లెక్కను పట్టుకుని మిగిలినదాన్ని జనం వదిలేశారని ఎరిక్సనే తరువాత విచారించాడు. ఆయన చెప్పిన అభ్యాసం అంటే ఊరికే మళ్ళీమళ్ళీ చేయడం కాదు. తనకు రాని ఒక చిన్న అంశాన్ని ఎంచుకుని, దానిమీదే మనసు పెట్టి, తప్పు వెంటనే తెలిసేటట్టు చేసేది. అటువంటి సాధన ఎక్కువసేపు సాగదు. ఆ విద్యార్థుల్లో మేటివారు తక్కినవారికంటే ఎక్కువ నిద్రపోయేవారట, మధ్యాహ్నం కునుకుతో సహా! నా నోటుపుస్తకంలో విశ్రాంతికి గడి లేదు.

మరొకరి కథ నన్ను మరీ ఆకట్టుకుంది. జాన్ వుడెన్ అనే బాస్కెట్‌బాల్ గురువు. ఆయన జట్టు 1964 నుంచి 1975 వరకు పన్నెండేళ్ళలో పదిసార్లు అమెరికా విశ్వవిద్యాలయాల విజేత. అంతకుముందు ఆయన ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన భాషోపాధ్యాయుడు! కొత్తగా వచ్చిన ఆటగాళ్ళకు ఆయన మొదటి పాఠం మేజోళ్ళు ముడతలు పడకుండా తొడుక్కోవడం. ముడత పడితే బొబ్బ, బొబ్బ వస్తే సాధన ఆగుతుంది. థార్ప్, గాలిమోర్ అనే ఇద్దరు పరిశోధకులు 1974-75లో ఆయన సాధన శిబిరాల్లో కూర్చుని, ఆయన నోటివెంట, చేతివెంట వచ్చిన 2,326 బోధనలను లెక్కకట్టారు. అందులో సగం కేవలం ఏం చేయాలో, ఎలా చేయాలో చెప్పే పొట్టి మాటలు. పొగడ్త నూటికి ఏడు పాళ్ళు కూడా లేదు, తిట్టూ అంతే తక్కువ. ఎవరైనా తప్పు చేస్తే, సరైన పద్ధతి చేసి చూపి, అతను చేసిన తప్పు చేసి చూపి, మళ్ళీ సరైనది చేసి చూపేవాడట. అన్నీ కలిపి కొన్ని క్షణాల పని.

దీనికి ఎదురుగా నా మాటలు పెట్టి చూసుకున్నాను. "ఇంకా గట్టిగా!", "నిన్నటికంటే తగ్గింది!", "శభాష్!" ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పిల్లకు ఏం చేయాలో చెప్పదు. చేతులు ఎలా ఊపాలి, మొదటి చుట్టులో ఎంత దాచుకోవాలి, ఎక్కడ ఊపిరి సర్దుకోవాలి అన్నది నేను ఒక్కసారీ చెప్పలేదు. నాకు తెలియదు. తెలిసినవారిని అడగనూ లేదు.

మనవాళ్ళ కథల్లో కూడా ఈ మూడు మెట్లూ కనబడతాయి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరికి తొలిపాఠాలు చెప్పినది నీలంశెట్టి అప్పన్నగారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోల మొత్తంతో ఆమె కాంస్యం గెలిచే నాటికి శిక్షణ బాధ్యత విదేశీ నిపుణుడు లియోనిద్ తరనెంకోది. మొదటివారు లేక రెండోవారు లేరు. ఆ ఆటలో బరువు పెంచే తీరు నాకు పాఠంలా తోస్తుంది. ఆ రోజుల్లో ఇనుపకడ్డీకి రెండున్నర కిలోల మెట్లుగా బరువు చేర్చేవారు. శిష్యురాలికి అందీ అందని ఎత్తున తరువాతి మెట్టు ఎక్కడుందో పోల్చుకోవడమే గురువు చేయవలసిన పని. మరీ కిందుంటే ఎదుగుదల లేదు, మరీ పైనుంటే నడుం విరుగుతుంది.

పుల్లెల గోపీచంద్ సంగతి అందరికీ తెలిసినదే. హైదరాబాదులో ఎస్.ఎం. ఆరిఫ్‌గారి వంటి గురువుల దగ్గర నేర్చి, మోకాలికి శస్త్రచికిత్సలు జరిగిన కాళ్ళతోనే 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచి, 2012 ఒలింపిక్స్‌లో సైనా కాంస్యానికి, 2016లో సింధు రజతానికి వెన్నుదన్నుగా నిలిచాడు. రియోకు ముందు మూడు నెలల పాటు సింధు ఫోను తీసి దాచాడనీ, గట్టిగా అరవడం రాని పిల్లను కోర్టు మధ్య నిలబెట్టి అరిపించాడనీ పత్రికల్లో చదివి మనమంతా మురిసిపోయాం. కాని అప్పటికి సింధు వయసు ఇరవై దాటింది. ఆమె తొలిపాఠాలు సికింద్రాబాదు రైల్వే మైదానాల్లో, మెహబూబ్ అలీ అనే గురువు దగ్గర. ఆ పేరు ఎంతమందికి తెలుసు? 2021లో టోక్యోలో రెండో పతకం నాటికి ఆమె పక్కన నిలిచినది కొరియా దేశస్థుడు పార్క్. వార్తల్లో మనకు చూపేది గ్రంథంలోని చివరి అధ్యాయం. దాన్ని తెచ్చి పదేళ్ళ పిల్లకు మొదటి పాఠంగా చెబుతున్నాం. నేను చేసిందీ అదే.

ఇక కృష్ణ ఒడ్డున కూర్చుని వెన్నం జ్యోతి సురేఖను తలుచుకోకపోతే ఎలా? విజయవాడ పిల్ల. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, 2023లో, విలువిద్యలో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆమె మొదట విల్లు పట్టలేదు. పసిప్రాయంలో ఇదే కృష్ణలో అయిదు కిలోమీటర్లు ఈది లిమ్కా రికార్డుల పుస్తకానికి ఎక్కింది. విల్లు ఆ తరువాత వచ్చింది. ఈత నేర్పిన ఊపిరి, ఓర్పు బాణం వదిలేవేళ పనికిరాకుండా పోతాయా? ఖోఖో మాన్పించిన నాడు నాకు ఈ జ్ఞానం లేకపోయింది.

ఇవన్నీ తలచుకున్నాక భారతం ఆదిపర్వంలోని ద్రోణుడు నాకు వేరుగా కనబడుతున్నాడు. చెట్టుమీది పక్షిని గురిచూపి "ఏం కనబడుతోంది?" అని శిష్యులను అడిగిన ఘట్టంలో మనం అర్జునుడి జవాబునే మెచ్చుకుంటాం. నాకిప్పుడు గురువు ప్రశ్న గొప్పగా తోస్తుంది. ఆయన "గురి కుదిరిందా?" అని అడగలేదు. శిష్యుడి కళ్ళలోనుంచి తాను చూడాలనుకున్నాడు. ఇంకో ఘట్టం. దీపం ఆరిపోయిన చీకట్లో కూడా చేయి నోటికే పోవడం గమనించి, అర్జునుడు రాత్రివేళ బాణాభ్యాసం మొదలుపెట్టాడు. అది గురువు విధించిన పని కాదు. వింటినారి మోత విని ద్రోణుడు లేచి వచ్చి కౌగిలించుకున్నాడు. శిష్యుడు తనంతట తానే సాధనకు లేచిన రాత్రి గురువు పని ఫలించింది.

మెట్లమీద ఆమెను ఒక్క ప్రశ్న అడిగాను. "ఆ రోజుల్లో కాలు నొప్పి అని నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె నవ్వింది. "మీరు ఆ పుస్తకంలో ఏం రాసుకుంటారోనని భయం మాస్టారూ. అంతకుముందు పరుగెడితే హాయిగా ఉండేది. మీరు గడియారం పట్టుకుని నిలబడ్డాక ఆ గడియారమే కనబడేది."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. వానలు ఎప్పుడు పడ్డాయో చెప్పినంత మామూలుగా చెప్పింది. అది నాకు ఇంకా కష్టంగా తోచింది.

అప్పుడు నాకు తోచినది చెప్పాను. "ఎక్కడ చేర్పించాలో నాకు తెలియదు గాని, ఎలా చూసుకోవాలో చెబుతాను. ఏ శిక్షణాలయానికైనా చెప్పాపెట్టకుండా వెళ్ళి ఒక సాయంకాలం మొత్తం గట్టుమీద కూర్చో. పిల్లలు నవ్వుతున్నారో లేదో చూడు. గురువు 'బాగా పరుగెత్తు' అంటున్నాడా, 'భుజాలు వదులు చెయ్యి' అంటున్నాడా విను. ఏ పిల్లయినా నొప్పి అంటే ఆయన ముఖం ఎలా మారుతుందో చూడు. కోపం వస్తే వెనక్కి తీసుకురా. వేరే ఆటలు ఆడనిస్తారా అని అడుగు. తన దగ్గర నేర్చి పైవారి దగ్గరికి వెళ్ళిన పిల్లలను గురించి ఆయన ఎలా మాట్లాడతాడో గమనించు. మురిపెంగా చెప్పుకుంటే మంచి గురువు. అందాకా రెండు మూడేళ్ళు బళ్ళోనే అన్నీ ఆడనీ. ఒళ్ళు ఎదిగే వయసు, ఎముక మీద భారం వేయొద్దు."

ఇంకో మాట కూడా చెప్పవలసి ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా గొంతులో ఉన్నదే. "ఆనాటి తప్పు నాదేనమ్మా" అన్నాను.

"ఊరుకోండి మాస్టారూ, ఎప్పటి మాటలు! ఇదిగో, పులిహోర తినండి" అని ఆకుదొన్నె చేతిలో పెట్టింది.

ఈలోగా ఆ పిల్ల తడి మెట్లమీద పైకీ కిందికీ పరుగెత్తుతోంది. తల్లి నడకే. నా చూపు అలవాటుగా మణికట్టు గడియారం మీదికి పోయింది. ముల్లు చూడబోయి, చొక్కా చేతిని దానిమీదికి లాక్కుని, పిల్లను చూస్తూ పులిహోర తిన్నాను.

మిత్రులారా, మీకు మొదటిసారి ఈల వేసి పరుగెత్తించినవారు ఎవరో గుర్తున్నారా? గుర్తుంటే ఒకసారి పలకరించి రండి. వారి నోటుపుస్తకంలో ఏం రాసుకున్నారో మీకు తెలియదు. దాన్ని చించివేయాలని ఎన్నిసార్లు అనుకున్నారో కూడా తెలియదు.